అక్సా మతిమరుపు

నేరేడ్‌మెట్ క్లినిక్‌కు అక్సాను భర్త డేవిడ్ రాజే తీసుకొచ్చాడు.

“నేను అనని మాటలు అన్ననంటది మేడం. నా ఓపికను చర్చిల అందరు మెచ్చుకుంటరు. జెర మతిమరుపుకు మందు రాయండి.”

డాక్టరమ్మ నవ్వుతూ తలూపి, అక్సాను ఏవేవో ప్రశ్నలు అడిగింది. ఈమె కూడా ఆయన మాటలకు పడిపోయిందని అక్సాకు అనుమానం వచ్చింది. తను నిజంగానే మర్చిపోతోందేమోనన్న అనుమానం అంతకుముందే ఉంది.

బీపీ చూడాలంటూ డాక్టరమ్మ ఆయన్ని బయట కూర్చోమని, తలుపు మూసింది.

“మీకు మతిమరుపు లేదమ్మా. తేదీలతో సహా అన్నీ సరిగ్గా చెప్పారు. కానీ ప్రతి జవాబుకు ముందు ఆయన ముఖం చూశారు. ఎందుకు?”

అక్సా మూసిన తలుపు వైపు ఓసారి చూసింది.

“మా ఇంట్ల ఏది నిజమో ఆయనే చెప్తడు, మేడం.”