కామరాజు గారి మునిమనవడు

"మూడేండ్లు సరిపోతదా అన్నా, అయిదు పెట్టమంటవా?" కంప్యూటర్ మీంచి తల ఎత్తకుండానే అడిగాడు హనుమాండ్లు.

లేని అనుభవాన్ని కాగితం మీద పుట్టించి ఉద్యోగాలు వెతుక్కునేవాళ్ళకి ఇవ్వడం హనుమాండ్లు వృత్తి. అమీర్‌పేటలో అతని మెట్లెక్కిన కుర్రాళ్ళు పొద్దున ఏమీ రాకుండా వచ్చి, మధ్యాహ్నానికల్లా బెంగళూరులో మూడేళ్ళు పనిచేసి ఇంటికి వెళ్ళిపోయేవారు.

"ఉన్నదే రాయి చాలు," అన్నాడు రవికాంత్.

"ఉన్నదేందన్నా?"

"బొమ్మలు వేస్తాను."

హనుమాండ్లు జాలిగా చూశాడు. "గీ గల్లీల అసలు ఎక్స్‌పీరియన్స్ ఉన్నోడు కింద చాయ్ అమ్మే భాయ్ ఒక్కడే. ఆయనకు సుత ఎవ్వడూ జాబ్ ఇయ్యలే. జర ఆలోచించు."

రవికాంత్ ఆలోచించలేదు. ఆలోచించాల్సిన ప్రతిచోటా అతని బదులు ముత్తాత ఆలోచించేవాడు.

ముత్తాత అంటే మామూలు ముత్తాత కాదు, రంగూన్ కామరాజు గారు. మీసాలు రాకముందే కాకినాడలో ఓడెక్కాడు. ఓడ మునిగితే ఈదుకుంటూ ఒడ్డు చేరాడు. బర్మా అడవుల్లో ఏనుగుల చేత దుంగలు లాగించాడు. లెక్కల్లో ఒక్క అబద్ధం రాయమన్నందుకు దొర కొలువుని దొర ముఖానే కొట్టి వచ్చేశాడు. ఆయన వదిలింది ఒక్క కొలువే. మునిమనవడు ఇప్పటికే ఇంజనీరింగు, జావా కోర్సు, బ్యాంకు పరీక్షలు, బావగారి జిరాక్స్ షాపు వదిలేశాడు. వంశం అభివృద్ధిలోనే ఉంది.

పంజాగుట్టలో వాళ్ళది అద్దె ఇల్లు. గోడల నిండా రవికాంత్ గీసిన ముత్తాతే. ఓడ మీద, ఏనుగు మీద, పులికి ఎదురుగా. చోటు చాలక దేవుడి పటాలు ఫ్రిజ్ మీదికి చేరాయి. కొడుకు దేన్ని వదిలేసి వచ్చినా తల్లి కుసుమకుమారి, "ఆ రక్తం ఊరికే పోతుందా," అని మురిసిపోయేది. ఆ కథలన్నీ చెప్పి పెంచిన తండ్రి హనుమత్ప్రసాద్ మాత్రం పేపరు అడ్డం పెట్టుకుని నిట్టూర్చేవాడు. తాతగారి తెగువ తనకి రాలేదని బాధ కాబోలు అనుకునేవాడు రవికాంత్.

మర్నాడు బొమ్మలన్నీ చుట్టగా చుట్టుకుని, ఫ్లైఓవర్ పనుల దుమ్ములో నడిచి, యానిమేషన్ కంపెనీకి వెళ్ళాడు. కంపెనీ పెద్ద భావన అనే ఆవిడ.

"ఎక్స్‌పీరియన్స్ ఎంత?"

"లేదండీ. అబద్ధం చెప్పడం మా ఇంటావంటా లేదు."

ఆ మాట ఆ కుర్చీలో కూర్చుని ఇదివరకు ఎవరూ అని ఉండరు. ఆవిడ నవ్వాపుకుని బొమ్మలు విప్పమంది. ఒక్కో బొమ్మకీ ఒక్కో కథ చెప్పాడు రవికాంత్. పులి దగ్గరికి వచ్చేసరికి ఆవిడ కాఫీ చల్లారిపోయింది.

"ఇవన్నీ నిజంగా జరిగాయా?"

"మా నాన్నగారి సొంత తాతండీ."

"అయితే వినండి. కల్పిత కథలు మా దగ్గర బీరువా నిండా ఉన్నాయి. మా చేత సినిమా తీయిస్తున్న టీవీ ఛానల్ వాళ్ళకి కావాల్సింది నిజంగా బతికిన మనిషి. రేపు మీ నాన్నగారిని తీసుకురండి, కెమెరా ముందు ఆయన నోటితోనే చెప్పాలి. చెబితే సినిమాకి బొమ్మలన్నీ మీవే. ఆయన రాకపోతే ఇంకొకరి తాతని చూసుకుంటాం."

రవికాంత్ ఇంటికి పరుగెత్తాడు. బొమ్మలేసి బతకడం అనేది మొదటిసారి చేతికి అందేలా కనబడింది.

"రేపు నాకు ఆఫీసుంది," అన్నాడు హనుమత్ప్రసాద్.

"సెలవు పెట్టండి," అంది కుసుమకుమారి.

"గొంతు బాగాలేదు."

"ఇన్నేళ్ళుగా చెబుతున్న కథేగా, గొంతు లేకపోయినా అదే వస్తుంది. మంచి చొక్కా ఇస్త్రీ చేసి పెడతా." ఆవిడ ముందుగా పక్కింటివాళ్ళకి చెప్పి రావడానికి బయల్దేరింది.

రవికాంత్ తండ్రి పక్కన కూర్చున్నాడు. "నాన్నా, మిమ్మల్ని ఇంతవరకూ ఏమీ అడగలేదు. ఈ పని పోతే నేనిక కుంచె పట్టను. బావ జిరాక్స్ షాపులోనే కూర్చుంటా. రేపు ఒక్కరోజు రండి."

హనుమత్ప్రసాద్ పేపరు మడిచాడు. కొడుకు ముఖంలోకి చూడలేక గోడల వంక చూశాడు. అక్కడా చూడలేకపోయాడు. లేచి వెళ్ళి, భార్య మెట్లు దిగిందని చూసుకుని, తలుపు గడియ పెట్టి వచ్చాడు.

"మీ అమ్మకి ఎప్పటికీ తెలియకూడదు," అన్నాడు.

"ఏంటి నాన్నా?"

"కామరాజు తాతని పెళ్ళిచూపుల్లో నేనే కల్పించానురా."