వానలో కారు ఎందుకు ఆపలేదంటే

“మీరైతే ఏమనుకునేవారో చెప్పండి. జోరున వాన. ఆవిడ బస్టాపులో తడుస్తూ నిలబడింది. మీరు కారులో వెళ్తున్నారు. ఆపలేదు. ఎందుకాపలేదు?”

“నాకు కారు లేదుగా,” అన్నాడు భర్త, ఈమధ్యే పెంచిన గడ్డం దువ్వుకుంటూ.

చిట్కాలక్కయ్యకు ఒళ్లు మండింది. భర్త కళ్లద్దాల కొట్లో స్టూలు వేసుక్కూర్చుని పొద్దుట్నుంచీ ఆయన ప్రాణం తోడేస్తోంది. వారపత్రికలో గిన్నెల మాడు, చొక్కాల మరకలు వదిలించే చిట్కాలు రాసీ రాసీ ఆమెకు ఆ పేరే ఖాయమైపోయింది. ఇన్నాళ్లకు సంపాదకుడు కథలాంటి పని ఒకటి అప్పగించాడు. ఒక తరం ఆడవాళ్లంతా దిండు కింద దాచుకున్న ప్రేమ నవలను ఈసారి హీరో వైపు నుంచి చెప్పాలట. ఆ హీరో ఆరడుగుల అందగాడు. నోరు విప్పడు. కళ్లు చిన్నవి చేసి గాఢంగా చూస్తాడు, వెళ్లిపోతాడు. ఆ బుర్రలో ఏముందో ఇప్పుడీమె రాయాలి.

పైగా రాసింది అసలు రచయిత్రికి నచ్చాలి. ఆవిడ మహా గుట్టు మనిషి. ఎక్కడా ఫొటో ఉండదు, సభలకు రాదు, ఏమున్నా సంపాదకుడితోనే. చిట్కాలక్కయ్య మొదట రాసి పంపిన పేజీలను “మా వాడు ఇంతలా ఏడవడు” అని తిప్పికొట్టింది. ఈసారీ నచ్చకపోతే ఈ పని వంటల పేజీ రాసే ఆవిడకు పోతుంది, తనకు మళ్లీ మరకలే.

“మొన్న చూపిస్తే బాగానే ఉందన్నారుగా!” అని భర్తను నిలదీసింది.

“నేనన్నది చేతిరాత గురించి.”

“ఆయన కారు ఆపకపోవడానికి కారణం ఆత్మాభిమానం అమ్మా,” అంది కుర్చీలో ఉన్న రిటైరైన పంతులమ్మ. కంటి పరీక్ష చట్రం ఆవిడ ముక్కు మీద ఊగిసలాడుతోంది. “ఆ పేజీ చదివిన పూట నేను అన్నం మానేశాను.”

“గోడ మీద ఆఖరి వరస చదవండి,” అన్నాడు భర్త.

“గోడేదీ?”

ఆయన అద్దం మార్చాడు. “దారిలో మీ పాత శిష్యులు పలకరిస్తుంటారా?”

“ఒక్కడూ పలకరించడు! పొగరుబోతు వెధవలు.”

“వాళ్లూ మీ గురించి అదే అనుకుంటుంటారు,” అని భర్త ఇటు తిరిగాడు. “నీ హీరోదీ ఇదే జబ్బు. దూరం చూపు ఆనదు.”

చిట్కాలక్కయ్య నోరు తెరిచింది. “విందులో ఆమె నవ్వితే మొహం తిప్పుకున్నాడే!”

“నవ్విందని తెలిస్తే కదా.”

“మరి కళ్లు చిన్నవి చేసి గాఢంగా చూడటం?”

“అద్దాల్లేనివాడు ఇంకెలా చూస్తాడు? పెట్టుకుంటే అందం చెడుతుందని సిగ్గు.”

“మెట్ల మీద జారిపడబోతే పట్టుకుని, నువ్వింత అందంగా ఉంటావనుకోలేదు అన్నాడే!”

“పాపం, నిజమే చెప్పాడు. అంత దగ్గరగా చూడటం అదే మొదలు.”

“మరి కారు?”

“బస్టాపును బస్సనుకుని పక్కకు తప్పుకున్నాడు.”

పంతులమ్మ నవ్విన నవ్వుకు చట్రం ఒళ్లో పడింది. చిట్కాలక్కయ్య మాత్రం స్టూలు మీంచి విసురుగా లేచింది. “బంగారంలాంటి మనిషికి కళ్లు పోగొడతారా! అసలు మీరెప్పుడైనా ఆ నవల తెరిచారా?”

“నువ్వు పైకి చదువుతుంటే వినక ఛస్తానా? కళ్లద్దాలు అమ్ముకునేవాణ్ని, ఎవర్ని చూసినా నాకు అదే తడుతుంది.”

ఆమె చరచరా ఇంటికి వెళ్లిపోయింది. కానీ గడువు ముంచుకొస్తోంది, చేతిలో ఇంకో కారణం లేదు. మర్నాడు చచ్చినట్టు అదే రాయడం మొదలుపెట్టింది. రాసేకొద్దీ ఆ పొగరుబోతు మీద జాలి ముంచుకొచ్చింది. వెర్రిబాగులవాడు, హీరోయిన్ మొహమైనా చూడకుండా గొంతునూ అడుగుల చప్పుడునూ ప్రేమించాడు. చివరి పేజీకి వచ్చేసరికి చిట్కాలక్కయ్య నవ్వుతూనే ముక్కు చీదింది. ఇది తన జీవితంలో రాసిన మొదటి మంచి మాట అని ఆమెకే తెలిసిపోయింది.

కాగితాలు పంపాక కాలు నిలవలేదు. ఉతికిన చొక్కాలే మళ్లీ ఉతికింది.

“ఆవిడ ఒప్పుకుంటుందిలే,” అన్నాడు భర్త, అన్నం కలుపుకుంటూ.

“ఆవిడేమైనా మీ మేనత్తా, మీరంటే ఒప్పుకోవడానికి?” అని కసిరింది.

తీరా ఆమె కొట్లో ఉండగా సంపాదకుడు ఫోన్ చేశాడు. “అమ్మా, రచయిత్రి గారు ఒప్పుకున్నారు! ‘మా వాణ్ని ఇన్నాళ్లకు ఒకరు సరిగ్గా చూశారు’ అన్నారు. ఈ మాట నేనే స్వయంగా వచ్చి చెప్పాలనుంది. మీ ఇంటికి దారెటు?”

“ఇంటికెందుకండీ, మావారి కొట్టుకే వచ్చేయండి!” అని గుర్తులు చెప్పేసింది.

భర్త గొడుగు అందుకున్నాడు. “నాకు బయట పనుంది.”

“బాగుంది వరస! నా జన్మకు ఒక్క రోజు వచ్చింది, పక్కన ఉండరా?” ఆమె కళ్లలో నీళ్లు తిరిగాయి.

భర్త గొడుగు పెట్టేసి కూర్చున్నాడు. కాసేపటికి, కొట్లోకెల్లా పెద్ద నల్లద్దాలు తీసి తగిలించుకున్నాడు.

“ఇదేం వేషమండీ?”

“కళ్లకలక.”

సంపాదకుడు చెమట తుడుచుకుంటూ లోపలికొచ్చాడు. చిట్కాలక్కయ్యను నోరారా మెచ్చుకున్నాడు, వచ్చే వారం నుంచే అచ్చు మొదలన్నాడు. ఆమె పొంగిపోతూ, “వీరే మావారు,” అని చూపించింది. సంపాదకుడు చెయ్యి చాచబోయి ఆగిపోయాడు. ఆ నల్లద్దాల మొహాన్ని ఎగాదిగా చూశాడు.

“రచయిత్రి గారూ, గడ్డం ఎప్పుడు పెంచారు?”