ఆకు అంచు రంగు

నా భార్య పుష్పలత పోయాక, ఆమె మనీప్లాంటును ఎదురుగా పెట్టుకుని నీటిరంగులు సాధన చేస్తున్నాను. రోజుకో బొమ్మ. ఆమె చేత్తో పెంచినవాటిలో ప్రాణంతో మిగిలింది ఆ తీగ ఒక్కటే.

ముప్పై రెండో రోజున ఆమె చెల్లెలు క్యాథరిన్ ఏలూరు నుంచి కలిదిండి వచ్చింది. బొమ్మలన్నీ గచ్చు మీద వరసగా పరిచింది. మొదటివాటిలో ఆకులు నిగనిగలాడుతున్నాయి. తర్వాత అంచులు పసుపెక్కాయి. నిన్నటి బొమ్మలో తీగంతా గోధుమరంగే.

“నీళ్ళేం పోస్తున్నారు బావగారూ?”

“బోరు నీళ్ళేనమ్మా.”

“అయ్యో, చేపల చెరువులొచ్చాక అవి ఉప్పు నీళ్ళు కదండీ! మనమే నోట పోసుకోం. అక్క కొన్న టిన్ను నీళ్ళతో బియ్యం కడిగి, ఆ నీళ్ళు పోసేది.”

“నాకు తెలీదు.”

“తెలీకపోతే పోనీండి. మాడిపోతుంటే కనబడలేదా?”

“కనబడింది. ఆ అంచు రంగు కలపడం రావడానికే వారం పట్టింది.”

క్యాథరిన్ తీగను వేలితో ఎత్తబోయింది. కాడ పుటుక్కున విరిగింది. మొదలు దాకా ఎండిపోయింది.

“అక్కనీ ఇలాగే చూస్తూ కూర్చున్నారాండీ?”

జబ్బు బయటపడే ముందు, ఆ ఒక్క ఏడాదిలోనే పుష్పలత తన జాకెట్లన్నీ మూడుసార్లు బిగించి కుట్టించుకుంది. ప్రతిసారీ టైలరు దగ్గరికి తీసుకెళ్ళింది నేనే. మూడోసారి తొడుక్కుని చూపిస్తే, ఇప్పుడు చక్కగా సరిపోయాయన్నాను.