మూడో అంతస్తు ఆకులు

"నా గదిలో అడుగు పెట్టావంటే ఊరుకోను," అంది మూడువందల ఏడులో దిగినావిడ.

గుమ్మం బయట ట్రాలీతో నిలబడ్డ అమ్మాయి తల దించుకుంది. ట్రాలీ నిండా ఉతికిన దుప్పట్లు, టవళ్లు, వేలెడంత సబ్బులు. అమ్మాయికి ఏడో నెల. వంగి పనులు చెయ్యొద్దని డాక్టరు గట్టిగా చెప్పింది. సెలవు పెడతానంటే మేనేజరు ఒప్పుకోలేదు. శుక్రవారం పర్యావరణ అవార్డు తనిఖీ ఉంది, అప్పటిదాకా సెలవుల ఊసెత్తొద్దన్నాడు. రోజుకి పదహారు గదులు, పదహారు పరుపులు, పదహారు బాత్రూములు. ఎన్నో నెలైనా అంతే.

"దుప్పటి మార్చాలి కదండీ," అంది అమ్మాయి మెల్లిగా.

"నిన్న రాత్రేగా దీని మీద పడుకుంది. బురదలో దొర్లొచ్చి పడుకున్నానా? తలుపుకి ఏం తగిలించానో చూడు ముందు."

హ్యాండిల్‌కి ఆకు బొమ్మ కార్డు వేలాడుతోంది. 'ఈ రోజు నా గది శుభ్రం చేయనక్కర్లేదు. నీటిని కాపాడదాం.' మేనేజరు అవార్డు కోసమే అచ్చు వేయించి గదికొకటి పెట్టాడు. కార్డు తగిలిస్తే ఆ గది పని అయిపోయినట్టే రాసుకోవాలని రూలు కూడా ఆయనే పెట్టాడు. పెడితే ఏం లాభం, ఆర్నెల్ల నించీ ఒక్కరూ తగిలించిన పాపాన పోలేదు. చాలామంది దాని మీద టీ కప్పు పెట్టుకునేవాళ్లు.

ఈవిడ తగిలించింది. దిగేటప్పుడే మూడో అంతస్తే కావాలని పట్టుబట్టి మరీ తీసుకుంది. తన గదితో ఊరుకుంటే ఈవిడ గురించి చెప్పుకోవాల్సిన పనే లేదు. అప్పటికప్పుడే పక్క గది తలుపు కొట్టింది.

"బాబూ, మీ ఇంట్లో రోజూ దుప్పటి ఉతుకుతారా?"

మందుల కంపెనీ మనిషి నోట్లో బ్రష్షుతోనే తల అడ్డంగా ఊపాడు.

"మరి ఇక్కడెందుకు?" అని లోపలి కార్డు తీసి తనే తగిలించింది. ఎదురు గదిలో కొత్త దంపతులు తలుపు తీయకుండానే సరేనన్నారు. మూల గది పెద్దాయన మాత్రం రోజూ కొత్త టవలు ఇస్తారనే ఇక్కడ దిగానన్నాడు. ఒక్క టవలు ఉతకడానికి ఎన్ని బిందెల నీళ్లు పోస్తారో, అవి ఎక్కణ్ణించి తెస్తారో, ఆ మురుగు ఎక్కడికి పోతుందో మొదలుపెట్టింది ఆవిడ. మురుగు దాకా రాకముందే పెద్దాయన కార్డు తగిలించేసుకున్నాడు.

గంటలో పదకొండు తలుపులకి ఆకులు మొలిచాయి. మిగతా అయిదు గదులూ ఆ రోజు ఖాళీ. సిబ్బంది ఆవిడకి ఆకమ్మ అని పేరు పెట్టేశారు.

మేనేజరు ఆయాసపడుతూ మెట్లెక్కి వచ్చాడు.

"అమ్మగారూ, ఇలా అందరి తలుపులూ కొట్టకూడదండీ."

"ఈ కార్డు రాయించింది ఎవరు?"

"మేమేనండీ. కానీ..."

"చెయ్యడానికే రాయించారా, చూపించుకోడానికా?"

నీటిని కాపాడదామన్న పెద్దమనిషి నీళ్లు నమిలాడు.

"గది ఖాళీ చెయ్యమంటే చెప్పండి, ఇప్పుడే చేస్తా. శుక్రవారం తనిఖీకి వచ్చేవాళ్లకి గేటు దగ్గరే నిలబడి, ఎందుకు పంపించేశారో నా నోటితో చెప్తా."

మేనేజరు ట్రాలీ వైపు తిరిగాడు. అత్త మీద కోపం దుత్త మీద అన్నట్టు ట్రాలీ అమ్మాయి మీద పడ్డాడు.

"నువ్వేంటి గోడకి అతుక్కుపోయావ్? ఇక్కడ పనెలాగూ లేదు. నాలుగో అంతస్తుకెళ్లి ఆరు గదులు చెయ్యి."

"వెళ్లడానికి వీల్లేదు," అంది ఆకమ్మ. "నాకు పిలిస్తే పలికే మనిషి కావాలి. మీ కార్డు నీళ్లు మిగల్చడానికా, మనుషుల్ని మిగల్చుకోడానికా? అది కూడా తనిఖీవాళ్లనే అడుగుతా."

మేనేజరు మెట్ల వైపు జరిగాడు.

"ఏయ్ అమ్మాయ్, అలా కళ్లెదురుగా నిలబడకు. నిన్ను చూస్తుంటే నా కాళ్లు పీకుతున్నాయి. ఆ కుర్చీలో కూర్చో. లేచావంటే చెప్తా."

అమ్మాయి కూర్చుంది. రెండు చేతుల్తో మొహం కప్పుకుంది. భుజాలు కదులుతున్నాయి. పాపం, ఏడుస్తోందనుకున్నాడు మేనేజరు. ఇంత నోరున్న మనిషితో ఇంట్లోవాళ్లు ఎలా వేగుతున్నారో అనుకుంటూ మెట్లు దిగాడు.

నాలుగు రోజులూ ఇదే వరస. కొత్తగా దిగినవాళ్లు పెట్టె కింద పెట్టకముందే ఆకమ్మ గుమ్మంలో ప్రత్యక్షం. మాట విననివాళ్ల తలుపు దగ్గర బిందెల లెక్క. లెక్కకీ లొంగకపోతే మురుగు కథ.

శుక్రవారం తనిఖీవాళ్లు వచ్చారు. మూడో అంతస్తులో పదహారు తలుపులు, పదహారు ఆకులు. ఏ హోటల్లోనూ ఇలాంటిది చూడలేదన్నారు. ఇదంతా తన ఆలోచనేనన్నాడు మేనేజరు. అవార్డు వచ్చినట్టే అనుకోండి అని చెప్పి వెళ్లారు. ఆ హుషారులో ఆయన ఎవరేం కాగితం పెట్టినా సంతకం పెట్టేశాడు, అమ్మాయి సెలవు చీటీతో సహా.

సాయంత్రం ఆకమ్మ గది ఖాళీ చేసింది. దుప్పటి తనే తీసి మడత పెట్టింది. బాత్రూము తనే కడిగింది. మేనేజరు పూలగుత్తితో ఎదురొచ్చాడు.

"మళ్లీ ఎప్పుడొస్తారు అమ్మగారూ?"

"మీ బుద్ధిని బట్టి," అని పూలగుత్తి అందుకుని బయటికి నడిచింది.

హోటలు వెనక వీధిలో, ఆటోలో సెలవు చీటీ పట్టుకుని కూర్చున్న మూడో అంతస్తు అమ్మాయి పక్కకి జరిగి చోటిస్తూ, "ఇంక తిట్టకండి అత్తయ్యా, నాలుగు రోజుల్నించీ నవ్వాపుకోలేక చస్తున్నాను," అంది.