పదో రిబ్బను

"ఏమయ్యా మల్లయ్యా, పెళ్లివారింటికి వచ్చినట్టు తీరిగ్గా కూర్చున్నావే?"

మేనేజర్ భీమేశ్వరరావు గొంతు వినగానే ట్యాంకు పక్కనుంచి దిగ్గున లేచాడు మల్లయ్య.

"స్టీఫెన్ లోపల కడుగుతుండు సార్. నేను కావలి ఉన్న."

అంతలో ట్యాంకులోంచి టక్ టక్ మంది. మల్లయ్య స్పానరుతో బయటనుంచి రెండు దెబ్బలు కొట్టాడు. లోపలి దెబ్బలంటే 'బాగున్నా', బయటి దెబ్బలంటే 'సరే'. గొట్టంతో గాలి అందే మాస్కు పెట్టుకున్నవాడితో అంతకంటే మాటలేముంటాయి?

"వాడేమన్నా పాలుతాగే పిల్లాడా? అవతల హైటెక్ సిటీ లేస్తోంది. ఫ్యాక్టరీ మూసేసి స్థలం అమ్మేద్దామంటున్నారు ఓనరుగారు. కంప్రెసరు కరెంటంతా తాగేస్తోంది. గాలి ఊరికే వస్తుందనుకున్నావా?"

పది ఎర్ర రిబ్బన్లు మల్లయ్య చేతిలో కుక్కాడు.

"గాలి కారిపోతూ ఎక్కడ బుస్సుమంటే అక్కడ వాల్వు కట్టేసి రిబ్బను కట్టు. భోజనం గంట కొట్టేలోగా పదీ అవ్వాలి. ఒక్కటి మిగిలినా రేపు గేటు దగ్గర కనపడకు."

"జర స్టీఫెన్‌కు చెప్పి..."

"వెళ్లవయ్యా!"

కిరాయి ఇల్లు, ఇద్దరు పిల్లలు. మల్లయ్య పరుగెత్తాడు. బాయిలరు దగ్గర మూడు, ప్యాకింగులో నాలుగు, గోడౌన్లో రెండు. పదోది మాత్రం ఎంత వెతికినా దొరకలేదు. గంట కొట్టే వేళైంది. ఆఖరికి షెడ్డు వెనక పిచ్చిమొక్కల్లో బుస్సుమని వినపడింది. ఒక రబ్బరు గొట్టం అతుకు దగ్గర గాలి పోతోంది. చుట్టూ మనిషి లేడు, మిషనూ లేదు. దేవుడే చూపించాడనుకున్నాడు. వాల్వు బిగించి రిబ్బను కట్టాడు.

భీమేశ్వరరావు మొదటిసారి అతని భుజం తట్టాడు. "శభాష్! ఉద్యోగం నిలబెట్టుకున్నావయ్యా."

మల్లయ్య గాల్లో తేలుతూ ట్యాంకు దగ్గరికొచ్చాడు.

"తమ్మీ, బతికిపోయినం పో!"

టక్ టక్ కొట్టాడు. జవాబు లేదు. మళ్లీ కొట్టాడు. స్పానరు వంగిపోయేలా కొట్టాడు.

స్టీఫెన్ మాస్కు గొట్టం ఇంకా లోపలికే ఉంది. దాన్ని పొద్దుటి షిఫ్టువాళ్లు ఎక్కడ తగిలించారో మల్లయ్యకు తెలియదు. గొట్టం పట్టుకుని పరుగెత్తాడు. అది గోడ వెంబడి పోయింది, కంతలోంచి అవతలికి దూరింది, షెడ్డు వెనక పిచ్చిమొక్కల్లోకి దిగింది.

దాని చివర ఎర్ర రిబ్బను గాలికి ఊగుతోంది.