చీటీ మీద రోగం

"నిలబడలేకపోతున్నానమ్మా, తూలిపోతున్నాను," అంది వరసలో ముందున్న కూరలమ్మే ఆవిడ.

చీటీలు రాసే అమ్మాయి తలెత్తలేదు. 'వీక్‌నెస్' అని రాసి, "మూడో గది" అంది.

"నిలబడితేనే తూలుతోందా, పడుకున్నా తిరుగుతోందా?"

అడిగింది అమ్మాయి కాదు, కౌంటరుకి ఎదురుగా బల్ల మీద కూర్చున్న ముసలాయన.

"పడుకున్నా ఇల్లంతా గిర్రున తిరుగుతోంది బాబాయ్. ఒక చెవిలో ఒకటే హోరు."

"అది వీక్‌నెస్ కాదు అమ్మడూ. వర్టిగో అని రాయి, పక్కన చెవి సంగతీ రాయి. ఐదో గదికి పోతుంది."

అమ్మాయికి ఒళ్ళు మండింది. అయినా చీటీ కొట్టేసి మళ్ళీ రాసింది.

ఆ ఆసుపత్రిలో డాక్టర్లందరూ పరాయి భాషవాళ్ళు. రోగి చెప్పుకునే బాధ ముందు కౌంటర్లో ఇంగ్లీషులోకి దిగాలి. చీటీ మీద ఏ మాట ఉంటే ఆ గది. మాట తప్పిందా, మనిషి పూటంతా వేరే గుమ్మం ముందు పడిగాపులు కాయాల్సిందే.

అమ్మాయికి ఇంగ్లీషు బాగానే వచ్చు. డిగ్రీలో ఫస్టు క్లాసు. కానీ కడుపులో దేవడాన్నీ, కాళ్ళు గుంజడాన్నీ, గుండె దడదడలాడడాన్నీ ఇంగ్లీషులో ఏమంటారో కాలేజీలో ఎవరూ పరీక్ష పెట్టలేదు. ఉద్యోగం చూస్తే మూడు నెలల గడువు మీద ఉంది. ఈలోగా డాక్టర్లు తిప్పి పంపిన చీటీలు పది దాటితే ఇంటికే.

ముసలాయనకి జబ్బేమీ ఉన్నట్టు లేదు. పొద్దున్నే తలుపులు తీసేసరికి ఉతికిన చొక్కాతో హాజరు. కౌంటరు మూసేదాకా కదలడు.

రిటైరైన ఇంగ్లీషు మాస్టారై ఉంటాడు, ఇంట్లో పాఠం వినే దిక్కు లేక మనకి తగులుకున్నాడు, అనుకుంది అమ్మాయి.

"తాతగారూ, మీకు ఇంట్లో పనేం ఉండదా?"

"నాకు పనుంటే నీ విసుగంతా ఎవరు భరిస్తారు అమ్మడూ?"

"ఇదిగో, దద్దుర్లకి ర్యాష్ అని రాశాను. ఇదైనా ఒప్పుకుంటారా?"

"దురద ఉందో లేదో అడిగావా?"

"లేదు."

"అడుగు. ఉంటే ఇచింగ్ కూడా చేర్చు. సిరా నీ ఇంట్లోది కాదుగా!"

వరసంతా నవ్వింది. అమ్మాయికీ నవ్వొచ్చింది, పంటి బిగువున ఆపుకుంది.

రెండు నెలల్లో తిరిగొచ్చిన చీటీలు మూడే. "నీ చీటీ చదివితే సగం రోగం తెలిసిపోతోంది," అని పిల్లల డాక్టరమ్మ మెచ్చుకుంది కూడా.

మర్నాడు అమ్మాయి రెండు అరటిపళ్ళు తెచ్చి, ఎవరూ చూడకుండా బల్ల మీద పెట్టింది.

"లంచమా?" అన్నాడు ముసలాయన.

"మీరు నమిలేంతసేపైనా నోరు మూసుకుంటారని."

ఒకరోజు, కొత్తగా వచ్చిన ఆఫీసరు తనిఖీకి దిగాడు. సరిగ్గా అప్పుడే బల్ల మీంచి గొంతు లేచింది.

"అమ్మడూ, బర్నింగ్ అని వదిలేస్తే కాలిన గాయాల గదికి పంపేస్తారు. నీ ముందున్నాయనకి మంట ఒంటికి వెళ్ళేటప్పుడు. యూరిన్ అని చేర్చు."

"ఎవరతను? నీ బదులు చీటీలు ఆయన రాయిస్తున్నాడా?" అన్నాడు ఆఫీసరు.

ఉద్యోగం ఖాయం కావడానికి ఇంకా మూడు వారాలుంది.

"ఎవరో తెలీదు సార్. ఊరికే వచ్చి కూర్చుంటాడు."

కూర్చుంటారు అనడం కూడా మర్చిపోయింది.

ఆఫీసరు వాచ్‌మన్ వైపు చూశాడు. ముసలాయన ఆ వాచ్‌మన్ వచ్చేదాకా ఆగలేదు. లేచి, చొక్కా సర్దుకున్నాడు.

"బాగానే రాస్తోంది సార్ పిల్ల. నాకే నోరు ఊరుకోక..." అని నెమ్మదిగా బయటికి నడిచాడు.

మర్నాటి నుంచి బల్ల మీద ఎవరెవరో కూర్చున్నారు.

అమ్మాయి ఉద్యోగం ఖాయమైంది. ఆ వారమే ఒక మేస్త్రీ వచ్చాడు.

"పంటి నొప్పమ్మా. దవడంతా లాగేస్తోంది."

పళ్ళ గదికి చీటీ సగం రాసేసింది. ఎందుకో ఆగింది. బల్ల మీద ఆయనుంటే ఏమడిగేవాడు?

"ఏ పన్ను?"

"అదే తెలీట్లేదు. నొప్పి ఎడం రెక్కలోకి పాకుతోంది."

మేస్త్రీ మొహం సున్నం కొట్టినట్టుంది. అమ్మాయి కలం పారేసి, తనే చక్రాల కుర్చీ తెచ్చి, గుండె డాక్టరు గదిలోకి తోసుకుపోయింది.

"పళ్ళ గది ముందు కూర్చోబెట్టి ఉంటే మనిషి దక్కేవాడు కాదు," అన్నాడు డాక్టరు.

కౌంటరు మూయగానే అమ్మాయి, హాలు ఊడుస్తున్న ఆయాని పట్టుకుంది.

"ఆయమ్మా, ఆ మాస్టారి ఇల్లెక్కడ?"

"ఏ మాస్టారు?"

"రోజూ బల్ల మీద కూర్చునే తాతగారు. ఆయన కాళ్ళ మీద పడాలి."

"ఆలస్యం చేశావమ్మా. ఇల్లు ఖాళీ చేసి వెళ్ళిపోయాడు. ఎక్కడికో ఎవరికీ చెప్పలేదు. ఇక్కడ కూర్చోనివ్వకపోతే ఈ ఊళ్ళో నాకేం పని అన్నాడట."

అమ్మాయి కళ్ళలో నీళ్ళు తిరిగాయి. "అంత ఇంగ్లీషు వచ్చిన మాస్టారు, పొద్దస్తమానం ఇక్కడెందుకు కూర్చునేవారు ఆయమ్మా?"

ఆయా చీపురు గోడకి ఆనించింది.

"ఆయన మాస్టారు కాదు తల్లీ. పద్దెనిమిదేళ్ళు నీ కుర్చీలో చీటీలు రాసినవాడు. ఒకరోజు జనంలో తలెత్తకుండా, గుండెల్లో మంటన్న సొంత పెళ్ళాం గొంతు కూడా పోల్చుకోకుండా 'గ్యాస్' అని రాసిచ్చాడు, ఆ చీటీ చేతిలో ఉండగానే ఆవిడ పోయింది, అప్పట్నుంచే కుర్చీ వదిలేసి వచ్చి బల్ల మీద కూర్చున్నాడు."