మనోడు

“మనోడు తిన్నడా?” అన్నం గిన్నె చూడగానే భారతమ్మ అడిగింది.

అన్నపూర్ణ చేతిలో గరిటె ఆగిపోయింది. తెలంగాణ కోసమని ఈవిడ కొడుకు శ్రీశైలం మొన్ననే ప్రాణం తీసుకున్నాడు. పొయ్యి వెలగని ఆ ఇంటికి, కింద అద్దెకుంటున్న అన్నపూర్ణే వండి తెస్తోంది. కోస్తా నుంచి వచ్చినవాళ్ళ అన్నం ముట్టుకుంటుందో లేదోనని పూట పూటకూ భయమే.

“వదినగారూ, శ్రీశైలం ఇక లేడండీ,” అంది.

“నాకు తెల్వదా?” భారతమ్మ కసిరింది. “నేనడిగేది నీ కొడుకు సంగతి. ఇద్దరు ఒక్క బండి మీద దిల్‌సుఖ్‌నగర్ కోచింగ్‌కు పోతుండె. ఇప్పుడు గా బండికాడ ఒక్కడే కూసుంటున్నడు. పైనుంచి చూస్తలేనా?”

“మరి... మనోడన్నారు?”

“ఏం, కాదా?”

అన్నపూర్ణకు కళ్ళు మసకబారాయి. “మెతుకు ముట్టడం లేదండీ. మీకు మొహం చూపించలేనంటున్నాడు.”

“పిలువు పైకి. నేను పెడితే తింటడు.”

భారతమ్మ అలవాటుగా ఇద్దరు పిల్లలకూ రెండు కంచాలు తెచ్చి పెట్టింది. కాసేపు వాటినే చూసి, ఒకటి తీసి ఒళ్ళో పెట్టుకుంది.